జోడి చేతులు

"ఏడాది శిక్షనట! నా కొడుకుకు ఏడాది శిక్ష పడ్డదట ఓ అవ్వా!"

ఆదివారం పొద్దున కుళాయి కింద పెట్టిన బిందెను అక్కడే వదిలేసి సారవ్వ వాకిట్లో కూలబడింది. బిందె నిండి పొర్లింది. ఆమె కళ్లు కూడా అదే పని చేశాయి. కంపెనీ క్వార్టర్లన్నీ ఒకదాని వీపుకొకటి ఆనుకొని ఉంటాయి కనుక, ఒక ఇంట్లో దగ్గితే పక్కింట్లో మందు నూరతారు. ఇక ఏడిస్తే చెప్పాలా? గోదావరిఖనిలో ఆ వరుసంతా సారవ్వ వాకిట్లోకి వచ్చి పడింది.

"ఎవన్ని కొట్టిండే అక్కా?"

"కొట్టుడు గాదు, యూనియన్ల లొల్లి గావచ్చు."

"ఏడాదే గదా, ఫికర్ జెయ్యకు. మా మేనబావకు రెండేండ్లు పడ్డది. పోయేటప్పుడు ఈనెపుల్ల, వచ్చేటప్పుడు గుమ్మడికాయ!"

ఈ ఓదార్పుతో సారవ్వ గొంతు ఇంకో మెట్టు ఎక్కింది. అప్పుడు లోపలినుంచి సదయ్య పరుగెత్తుకొచ్చాడు. చేతిలో క్షౌరం కత్తి, ముఖాన సగం సబ్బు. వారంలో ఆరు రోజులు నల్లగా ఉండే ముఖం ఆ ఒక్కరోజూ తెల్లబడదామనుకుంటే, తల్లి అరుపు విని మిగతా సగం కూడా తెల్లబోయింది.

"శిక్ష గాదే అవ్వా! శిక్షణ! శిక్షణ!"

"గదే గదరా నేనంటున్నది!"

"గది గాదు. శిక్షణ అంటే నేర్పుడు. కూసోవెట్టి నేర్పుతరు."

"ఎవలు, పోలీసులా?"

"లింగమూర్తి సారు. పెద్దబడిల తెలుగు చెప్తడు సూడు, ఆయన. కతలు రాసుడు నేర్పుతడు. ఉగాది పోయినంక మొదలు, ఏడాది పొడుగుత, ఆదివారం ఆదివారం."

సారవ్వ కొంగుతో ముక్కు తుడుచుకుని కొడుకును ఎగాదిగా చూసింది.

"కతలు నీకు కొత్తగ నేర్పుడెందుకురా? డ్యూటీ ఎగ్గొట్టినప్పుడల్లా నాకు చెప్పేటియి కతలు గావా?"

వాకిలంతా ఘొల్లుమంది. ఆ వెంటనే పలచబడింది కూడా. జైలుకు పోయేవాడి ఇంటి ముందు నిలబడే జనం బడికి పోయేవాడి ఇంటి ముందు నిలబడరు. పొయ్యి మీద పప్పు మాడుతుందని ఒకరు, పోరడు ఏడుస్తున్నాడని ఒకరు, కాస్త నిరాశగానే వెళ్లిపోయారు. పోతూ పోతూ శిక్షణను వాకిట్లోనే వదిలేసి, రుచిగా ఉన్న శిక్షనే వెంట తీసుకుపోయారు.

సదయ్య తల్లి పక్కన కూర్చుని గొంతు తగ్గించాడు. "అవ్వా, ఈ ముచ్చట బాయి కాడోళ్లకు తెల్వద్దు. నీకు దండం వెడ్త."

బొగ్గుగనిని అక్కడ బాయి అంటారు. ఆ బాయిలో పడినవాడు పైకి వస్తాడేమో గాని, ఆ బాయి దగ్గర పడిన పేరు మాత్రం పైకి రాదు. ఒకప్పుడెవడో వానలో గొడుగు అడిగాడని వాడు పిల్లల తండ్రయినా గొడుగుగాడే. ఇక బొగ్గు ఎత్తేవాడు కథల బడికి పోతున్నాడని తెలిస్తే ఆ జన్మకు వాడు కతల సదయ్యే. అందుకే అతను రహస్యం దాచాడు. దాచుకోదగ్గ తప్పేమీ చేయకుండానే.

సదయ్య పదో తరగతిలో మునిగి బొగ్గుబాయిలో తేలినవాడు. ఆ ఊళ్లో ఏ మాటకైనా తోకలాగా, 'కాని' అనాల్సిన చోట, ఒక 'గని' తగులుకుంటుంది. పోదామనుకున్న గని, తిందామనుకున్న గని. సదయ్యకూ చదువుకుందామనే ఉండేది గని, ఆ గని ఈ గనిలో తెచ్చి పడేసింది. అయినా చదివే అలవాటు పోలేదు. పకోడీ పొట్లం కాగితమైనా సరే, పకోడీ కన్నా ముందు దాన్నే నమిలేవాడు. యూనియన్ రీడింగు రూములో పాత పత్రికలు తిరగేస్తున్న ఇతన్ని లింగమూర్తి సారు అక్కడే పట్టుకున్నాడు.

నిన్న సాయంత్రం సారు చెప్పిన మాటలు ఇంకా చెవుల్లో ఉన్నాయి.

"ముందే కథ రాసుకొస్తనంటే రావద్దు. వచ్చే ఆదివారం ఉత్త చేతులతో రా. ఈ వారమంత నీ పక్కన పనిచేసే మనిషిని చూడు. ఆయన మనసుల ఏమున్నదో నాకొద్దు, అది నువ్వు కల్పించుకుంటవు. ఆయన చేతులు ఏం చేస్తున్నయో చూసి వచ్చి నాకు నోటితో చెప్పు. చేతులను కల్పించుడు ఎవనితోని గాదు."

"చెప్తే సీటిస్తరా సార్?"

"మనిషి నా కండ్ల ముందట నిలవడితే ఇస్త. నిలవడకుంటే వచ్చే ఏడు రా."

సదయ్యకు ఎవరిని చూడాలో వెతుక్కునే పని లేదు. వారమంతా పక్కన ఉండే మనిషి ఒక్కడే. గులాం అలీ.

*

బొగ్గు నింపే పని ఒంటరి పని కాదు. మందు పేల్చి రాలగొట్టిన బొగ్గు కుప్ప ముందు ఇద్దరుంటారు. చెమ్మస్ అనే వెడల్పాటి పారతో ఒకరు తట్ట నింపితే, ఇంకొకరు ఎత్తి పట్టాల మీది టబ్బులో పోస్తారు. కాసేపటికి వంతు మారతారు. ఈ ఇద్దరినీ కలిపి జోడి అంటారు. కాలి జోడు తెగితే బజార్లో కుట్టించుకోవచ్చు. గనిలో జోడి తెగితే కుట్టేవాడు లేడు. అందుకే అక్కడ సంబంధాలు చూసినట్టే జోడీలు చూస్తారు. జాతకాలు చూడరు గాని, జబ్బలు చూస్తారు.

గులాం అలీకి యాభై దాటాయో, దాటబోతున్నాయో ఆయనకే తెలియదు. అడిగితే, "నిజాం జమానాల పుట్టిన, లెక్కలు ఆయన్నే అడుగు" అనేవాడు. సన్నటి మనిషి. గడ్డంలో తెలుపెంతో, బొగ్గుపొడి ఎంతో స్నానం చేశాక గాని తేలేది కాదు. సదయ్యకు మీసం సరిగ్గా రాకముందే ఆయన ఈ పోరణ్ణి జోడీగా అడిగి తీసుకున్నాడు. అప్పట్నుంచీ వాళ్లిద్దరూ ఒక టబ్బుకు రెండు చెవులు.

సోమవారం పొద్దుటి షిఫ్టు. ఏటవాలు దారిన దీపాలు తలకు కట్టుకుని దిగారు. అంతకుముందు వందలసార్లు దిగిన దారే. కాని ఆ రోజు సదయ్య కొత్తగా దిగాడు.

పని చోటికి రాగానే గులాం అలీ ఎడమ అరచేతిని వెనక్కి చాపి సదయ్యను ఆపాడు. పని చోటి భద్రత చూసే సర్దారు అప్పటికే కప్పు పరీక్ష చేసి, సుద్దతో గుర్తు పెట్టి పోయాడు. అయినా ఆయన గడ్డపార తిరగేసి, మొద్దు చివరతో నెత్తిమీది రాతికప్పును మెల్లగా కొట్టాడు. కొట్టి తల వాల్చాడు. పక్కింటి గొడవ గోడకు చెవి ఆనించి వినేవాడిలా, నోరు కొంచెం తెరిచి విన్నాడు. ఖణ్ మంది. రెండడుగులు జరిగి మళ్లీ కొట్టాడు. ఖణ్. ఎడమ పక్క, బొగ్గంతా తీసేసి వదిలేసిన చీకటి ఖాళీ వైపు కొట్టినప్పుడు చప్పుడు కొంచెం మందంగా వచ్చింది. ఆయన నాలుకతో చప్పరించి, అక్కడున్న ఆసరా దుంగ మీద రెండో అరచెయ్యి పెట్టి ఒకసారి ఊపి చూశాడు. ఆ తర్వాతే చాపిన అరచెయ్యి కిందికి దించాడు.

"రా బేటా. ఈ కప్పు మంచిగుంటెనే పైన మల్లక్క చాయ్ కప్పు."

ఇన్నేళ్లూ ఆ చెయ్యి తనను ఆపుతోందని సదయ్యకు తెలుసు. ఆ చెయ్యి దిగేవరకు తన కాలు కదలదని మాత్రం ఆ రోజే తెలిసింది.

అంతే, ఇక చూపు మరలలేదు. గులాం అలీ అరచేతుల్లో ఉమ్మేసుకుని రుద్దుకున్న తీరు చూశాడు. కుప్ప మీదనుంచి కాక, అడుగున నేల వెంబడి చెమ్మస్‌ను తోసిన తీరు చూశాడు. పైనుంచి గీకితే పార తడబడుతుంది. అడుగునుంచి తోస్తే బొగ్గు దానంతట అదే వచ్చి పారలో కూర్చుంటుంది, బండి ఎక్కే జనంలాగా. తట్ట ఎత్తే ముందు అంచు మీద పెద్ద పెళ్ల ఉంటే ఆయన తీసి పక్కన పెడతాడు. ఎత్తేవాడి మెడ మీద పడకుండా. తన మెడ మీద ఇన్నేళ్లలో ఒక్క పెళ్లా పడలేదన్న సంగతి సదయ్య మెడకు ఇప్పుడు గుర్తొచ్చింది.

"క్యా దేఖ్‌రా రే? నా చేతులకు మెహందీ వెట్టిన్రా, గట్ల జూస్తున్నవ్?"

"ఏం లే చాచా."

"ఏం లేకుంటె తట్టెత్తు."

కాసేపాగి సదయ్య అడిగాడు. "చాచా, ఈడ నువ్వెప్పుడు గటే ఎందుకు నిలవడ్తవ్, ఎడమ దిక్కు?"

గులాం అలీ పార ఆపలేదు. "నాది ఎడమచేతివాటం. ఇన్నొద్దులకు ఎర్కైందా నీకు? శాబాష్!"

సదయ్యకు సిగ్గేసింది. ఇన్నేళ్లు జోడీగా ఉండి ఏ చేతివాటమో గమనించనివాడు కథలేం రాస్తాడు? గట్టిగా మనసులో గుర్తుపెట్టుకున్నాడు.

షిఫ్టు దిగాక గేటు బయట మల్లక్క చాయ్ బండి దగ్గర నిలబడ్డారు. మల్లక్క చాయ్ ఎంత చిక్కనో నోరు అంత పలుచన. అందులో ఏదీ నిలవదు. గులాం అలీ కప్పులోని చాయ్ సాసర్లో వంచి ఊదుతుంటే సదయ్య ఆ వేళ్లనే చూస్తున్నాడు. గోళ్ల కింద నలుపు, బొటనవేలి మీద పాత దెబ్బ మచ్చ, సాసరు కింద ఆ వేళ్లు పందిరి రాటల్లా నిలబడ్డ తీరు.

"ఏందిరో సదయ్యా, చాచా చేతులు గంత గనం చూస్తున్నవ్?" మల్లక్క కిసుక్కున నవ్వింది. "జోడి మారుద్దామనా ఏంది?"

గులాం అలీ సాసరు సగం దూరంలో ఆగింది. ఆయన దాన్ని పెదవుల దాకా తీసుకుపోకుండా మెల్లగా బల్ల మీద పెట్టాడు. చాయ్ ఒక్క చుక్క ఒలకలేదు.

బొగ్గు నింపే ఫిల్లర్లలో ఒక మాట ఉంది. పడుచువాడు ముసలి జోడి ముఖం చూస్తున్నన్నాళ్లు సంసారం, చేతులు చూడటం మొదలుపెట్టాడంటే విడాకులు. తట్ట ఎత్తేటప్పుడు చెయ్యి వణుకుతోందా, పార పట్టు జారుతోందా అని ముందు కళ్లతోనే తూకం వేస్తారు. ఆ తర్వాత పని పంచే ఓవర్‌మన్ దగ్గరికి పోయి, నాకు వేరే జోడి ఇయ్యి సార్ అంటారు. అలా వదిలించుకోబడ్డ ముసలివాణ్ణి మళ్లీ ఎవరూ అడగరు. గని బయట, మీద పని ఇస్తారు, తాళ్ల దగ్గరో, ఊడ్చే దగ్గరో. గనిలో బతుకంతా గడిపినవాడికి అది ఎండలో కట్టేసిన ఎద్దు బతుకు.

సదయ్యకు ఈ మాట తెలియక కాదు. కాని ఆ క్షణాన అతను ఒలకకుండా సాసరు దించిన ఆ తీరును మనసులో దాచుకునే హడావుడిలో ఉన్నాడు. దించిన తీరు చూశాడు. దేనికి దించాడో చూడలేదు. సారు చేతులే చూడమన్నాడు మరి!

*

మంగళవారం నుంచి గులాం అలీ మారిపోయాడు.

ముందు ముచ్చట్లు మాయమయ్యాయి. తర్వాత ఆగడం మాయమైంది. టబ్బుకూ టబ్బుకూ మధ్య దుంగకు వీపు ఆనించి గుటకెడు నీళ్లు తాగే మనిషి, ఇప్పుడు టబ్బు కదలగానే ఇంకో టబ్బుకోసం కేకేస్తున్నాడు. వంతు మారనివ్వడం లేదు. పార తనే పడుతున్నాడు, తట్టా తనే ఎత్తుతున్నాడు. పొంగలి కుండలాగా తట్ట మీద తట్ట. ఊపిరి ఈల వేస్తోంది. అడుగునుంచి తోసే ఆ నిదానం పోయి కుస్తీ పట్టినట్టు కుప్ప మీద పడుతున్నాడు.

సదయ్యకు కోపం వచ్చింది. తను చూడాల్సిన మనిషి సోమవారం నాటివాడు. ఇతనెవడో పహిల్వాను! ఫొటో తీయించుకోవడానికి కూర్చున్నవాడు మెడ బిగించినట్టు ఈయన ఒళ్లంతా బిగించేశాడు. ఇట్లయితే ఆదివారం సారు ముందు ఎవరిని నిలబెట్టాలి? అందుకని ఇంకా తదేకంగా చూశాడు, పాత గులాం అలీ ఎక్కడైనా కనబడతాడేమోనని. ఇతను ఎంత చూస్తే ఆయన అంత ఎత్తాడు. ఆయన ఎంత ఎత్తితే ఇతను అంత చూశాడు. ఓవర్‌మన్ నర్సింగం ఒకసారి అటు వచ్చి, ఇద్దరినీ చూసి వెళ్లాడు.

బుధవారం వాళ్లకు పని చోటు మారింది. ఇక్కడ గట్టి బొగ్గు గోడ ఎడమకు ఉంది. బొగ్గు తీసేసి వదిలిన చీకటి ఖాళీ కుడికి ఉంది. గులాం అలీ ఎప్పటిలాగే కప్పు కొట్టి, విని, చప్పరించి, చెయ్యి దించాడు. దించి, కుడి పక్కకు పోయి నిలబడ్డాడు.

"చాచా, నీది ఎడమచేతివాటం గదా?"

"ఎడమ భుజం పట్టేసింది బేటా. ఇయ్యాల గీ దిక్కే."

సగం షిఫ్టు గడిచింది. గులాం అలీ తట్ట ఎత్తబోతూ ఉన్నట్టుండి ఆగాడు. తల వాల్చాడు. సదయ్యకు ఏమీ వినబడలేదు. ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు. వేస్తూనే చెయ్యి అడ్డంగా చాపి సదయ్య ఛాతీని గోడ వైపు నొక్కాడు. కుడి పక్క కప్పునుంచి ఇసుర్రాయంత పెచ్చు ఊడి, అంతకుముందు ఆయన నిలబడ్డ చోట దబ్బున పడింది. దుమ్ము లేచింది. దీపాల వెలుగులో అది కాసేపు అక్కడే తిరిగింది.

"యా అల్లా" అన్నాడు ఆయన, ఇంటికి పిలవని చుట్టం వచ్చినప్పుడు అన్నట్టు. సర్దారును కేకేశాడు. సర్దారు వచ్చి, చూసి, ఇంకో దుంగ నిలబెట్టించాడు. దుంగ బిగిసేదాకా ఇద్దరూ గోడకు ఆనుకుని నిలబడ్డారు. తర్వాత గులాం అలీ మళ్లీ ఆ కుడి పక్కకే పోయాడు.

సదయ్య గోడ దగ్గరే ఉండిపోయాడు.

సోమవారం ఎడమచేతివాటం. ఇవాళ ఎడమ భుజం నొప్పి. పోయిన వానాకాలం ఇంకో చోట, "అటు గాలి వస్తది, నన్ను నిలవడనియ్యి" అన్నాడు. అంతకుముందెప్పుడో, "నీ చెమట కంపు, జెర దూరముండు" అని నవ్వుతూ అవతలికి తోశాడు. గాలి, చెమట, భుజం, వాటం. ప్రతిసారీ సాకు మారింది. చోటు మాత్రం మారలేదు. ఖాళీ ఎటుంటే అటు గులాం అలీ. గట్టిగోడ ఎటుంటే అటు సదయ్య. మీసం రాకముందు నుంచీ ఇంతే. కప్పు తిన్నగా నెత్తిమీద ఉంటే, దాని కింద ఇంకొక మనిషిని కప్పులాగా కప్పుకుని తను ఇన్నేళ్లు బతికాడు.

ఏదో చెప్పాలి. రాసేవాడికి మాటలు కాగితం మీదే వస్తాయో ఏమో, నోట్లోంచి వచ్చింది మాత్రం ఇంతే:

"చాచా, నువ్విటు రా. ఇగ నుంచి నేనటుంట. ఆ తట్ట నాకియ్యి."

గులాం అలీ ముఖం మీది నలుపు కదల్లేదు. కళ్లు మాత్రం కదిలాయి.

"ఎందుకు? ఎత్తలేననా?"

"గట్ల గాదు చాచా…"

"నీ జాగల నువ్వుండు."

ఆ తర్వాత రెండు షిఫ్టులూ వాళ్లిద్దరి మధ్య మాట పడలేదు. బొగ్గు మాత్రం పడింది. గురువారం గులాం అలీ దగ్గుతూ దుంగను పట్టుకున్నాడు. సదయ్య ముందుకు రాబోతే పార అడ్డం పెట్టాడు. శుక్రవారం చాయ్ బండి దగ్గర ఆగకుండానే వెళ్లిపోయాడు. కప్పు తుడుస్తూ మల్లక్క, "ఏమైందిరో మీ మియ్యాబీబీలకు?" అంది. సదయ్య చాయ్ తాగాడు. అది కషాయంలా ఉంది.

*

శనివారం పొద్దున హాజరు. మస్టర్ పడే రేకుల షెడ్డు ముందు మనుషులు దీపాల కోసం, పని చోట్ల కోసం గుంపుగా నిలబడ్డారు. నర్సింగం పేర్లు పిలుస్తున్నాడు. జోడీకి జోడి, చోటుకు చోటు.

"సదయ్య, ముత్యం."

సదయ్య పక్కకు చూశాడు. నస్పూర్ దిక్కునుంచి కొత్తగా వచ్చిన ముత్యం పళ్లికిలిస్తూ వచ్చి పక్కన నిలబడ్డాడు. పేరుకే ముత్యం, మనిషి మూడు వడ్ల బస్తాలు ఒకదానిమీద ఒకటి.

"గులాం అలీ, మీద పని. తాళ్ల కాడ."

గుంపులో గుసగుస లేచింది. వెనకనుంచి ఎవరో, "వారం సంది చేతులు చూస్తనే ఉన్నడు పోరడు" అన్నారు. "మంచి టైమే చూసుకున్నడు" అన్నారింకొకరు. గేటు దగ్గరనుంచి మల్లక్క కూడా కెటిలు పట్టుకునే వచ్చేసింది.

"సార్!" సదయ్య వరుస విడిచి ముందుకొచ్చాడు. "నేను జోడి మార్చుమన్ననా?"

"నువ్వనలే. ఆయనే అన్నడు." నర్సింగం గడ్డంతో గులాం అలీ వైపు చూపించాడు. "నిన్న పొద్దుమూకి ఇంటికొచ్చి మరీ అడిగిండు. పోరనికి మంచి జోరున్న జోడి ఇయ్యి, నన్ను మీద వెయ్యి అన్నడు."

గులాం అలీ షెడ్డు కమ్మీకి ఆనుకుని నిలబడ్డాడు. దీపం లేదు, టోపీ లేదు. పైన పనికి అవి అక్కర్లేదు.

"చాచా, నేనేం తప్పు జేసిన?"

"నువ్వేం చెయ్యలేదు." ఆయన నవ్వడానికి ప్రయత్నించాడు. "నువ్వు పోయి సారును అడిగితే నాకు నామోషీ. నేనే అడిగితే నీకు గూడ అల్కగుంటది. వారం సంది నా చేతులు తూకమేస్తివి. బరువు తెల్సింది గదా. జానే దో."

అప్పుడు అర్థమైంది సదయ్యకు. సాసరు ఎందుకు దిగిందో, తట్టలు ఎందుకు లేచాయో, పార ఎందుకు అడ్డం పడిందో, అన్నీ ఒక్కసారి. చుట్టూ చూశాడు. బాయి బాయంతా అక్కడే ఉంది. కతల సదయ్య అన్న పేరు జన్మంతా అంటుకోబోతోంది. అంటుకోనీ అనుకున్నాడు.

"తూకం గాదు చాచా. నేర్సుకుంటున్న!" అరిచినట్టే చెప్పాడు. "లింగమూర్తి సారు కాడ కతలు రాసుడు నేర్సుకునేదున్నది. ఏడాది శిక్షణ. రేపటి దినం పోయి, పక్కన పనిచేసే మనిషి చేతులు ఎట్ల పనిచేస్తయో చెప్పాలె. మంచిగ చెప్తెనే సీటు. గందుకు చూసిన. గంతే!"

దీపాల కోసం నిలబడ్డవాళ్లు కూడా ఇటు తిరిగారు.

"ఓర్నీ!" అన్నాడు వెనకనుంచి ఒకడు. "మా ఆడోళ్లు నీకు ఏడాది శిక్ష పడ్డదన్నరు గదరా!"

"మా అవ్వ కూడ గదే అన్నది."

షెడ్డు రేకులు అదిరేలా నవ్వారు. "కతలా! మస్టర్ సాలదని మాస్టరు కూడనా!" అని ఒకరు, "నా మీద గూడ రాయరా, మంచిగ మీసం వెట్టి!" అని ఇంకొకరు. నర్సింగం మాత్రం నవ్వలేదు.

"ఆగుండ్రి. ఏం చూసినవ్ మల్ల? చెప్పు. మేం గూడ ఇంటం."

సదయ్య చెప్పలేదు. గోడకు ఆనించి ఉన్న గడ్డపార తీసుకున్నాడు. ఎడమ అరచెయ్యి వెనక్కి చాపి, లేని జోడీని ఆపాడు. దాన్ని తిరగేసి షెడ్డు కప్పును మెల్లగా కొట్టాడు. తల వాల్చాడు. నోరు కొంచెం తెరిచాడు. నాలుకతో చప్పరించాడు.

"అచ్చం చాచానే రో!" ఎవడో గట్టిగా అరిచాడు. ముత్యం చప్పట్లు కొట్టాడు. మల్లక్క కెటిలు కింద పెట్టి మరీ నవ్వింది. గులాం అలీ కూడా తల అడ్డంగా ఊపుతూ గడ్డంలోనే ముసిముసిగా నవ్వాడు. తను కప్పును వింటాడని ఆయనకు తెలుసు గాని, నోరు తెరుచుకుని వింటాడని తెలియదు.

సదయ్య అరచెయ్యి దించాడు. తర్వాత రెండడుగులు వేసి, షెడ్డు చివర, ఎవరూ లేని వైపు పోయి నిలబడ్డాడు.

"పోయిన సోమారం ఖాళీ ఎడమకుండె. చాచా గటు నిలవడ్డడు. ఎందుకంటె నాది ఎడమచేతివాటమన్నడు. బుధారం ఖాళీ కుడికుండె. చాచా గటు నిలవడ్డడు. ఎడమ భుజం నొస్తుందన్నడు. గా దినమే గా పక్కనే పెచ్చు వడ్డది. అంతకుముందు గాలి అన్నడు, చెమట అన్నడు. ఇన్నేండ్ల సంది నన్ను గోడ దిక్కుంచి, తను ఖాళీ దిక్కు నిలవడ్డడు. నాకు ఈ వారం తెల్సింది. తెల్సినంక నేనటుంట అన్న. ఎత్తలేవన్నట్టు ఇన్నడు." గడ్డపార కింద పెట్టాడు. "నేను చూసింది గిది సార్. ఇంకేం చూడలే."

నవ్వులు ఆగిపోయాయి. అక్కడున్న పడుచువాళ్లలో కొందరు తమ ముసలి జోడీల వైపు మెల్లగా తల తిప్పారు, తామెటు నిలబడుతున్నామో గుర్తు చేసుకుంటున్నట్టు. ముసలివాళ్లు చుట్టలు వెతుక్కున్నారు.

నర్సింగం ముత్యం భుజం మీద చెయ్యి వేశాడు. "నువ్వు నీ పాత జోడి కాడికి వో బిడ్డా." తర్వాత లోపలికి కేకేశాడు. "గులాం అలీకి ల్యాంపు ఇయ్యిండ్రి."

ముత్యం బుద్ధిగా పక్కకు జరిగాడు. గులాం అలీ మాత్రం కదల్లేదు. తెల్లటి గడ్డం కింద ఆయన మెడ ఎర్రబడింది.

"గింత మందిల చెప్తరా బే? ఇంట్ల మీ చాచీ మక్సూదాకు ఎర్కైతె ఎట్ల? దాని తోని నేను దినాం మంచి కప్పు కిందనే ఉంట అని చెప్పిన. సోమారం సంది డబ్బా గట్టదు, డ్యూటీకి పోనియ్యదు!"

"నేను చెప్తనా ఏంది చాచా?" అంది మల్లక్క.

"నువ్వు చెప్పకుంటె నీ చాయ్ మసలదు గదా!"

నవ్వు మళ్లీ మొదలైంది, ఈసారి మెత్తగా. సదయ్య దగ్గరికి వచ్చాడు. "ఇగ ఒక దినం నువ్వు, ఒక దినం నేను చాచా. పక్క మార్చుకుంటం."

"ముందుగాల పెండ్లి చేస్కో. పక్క అదే మారుతది." ఆయన సదయ్య నెత్తి మీద చిన్న మొట్టికాయ వేశాడు. "పెండ్లైనంక కూడ గోడ దిక్కే నువ్వు. దాని మీద మాట లేదు."

"రేపు సారుకు ఏం చెప్పాలె మల్ల?"

దీపాలిచ్చే కిటికీ ముందు గులాం అలీ ఆగాడు. కాసేపు ఆలోచించాడు. ఆ ఆలోచనలో, నలుగురి ముందు తన చేతులకు అంత పేరు వచ్చినందుకు కొంచెం గర్వం ఉంది. దాన్ని దాచుకోవడం ఆయనకు సరిగ్గా రాలేదు.

"చెప్పు. కప్పు కొట్టుడు చెప్పు. నోరు తెరుసుడు గూడ చెప్పు, ఫరవాలేదు. పార అడుగుకెల్లి తోసుడు మంచిగ చెప్పు, కొత్త పోరగాండ్లు నేర్సుకుంటరు. గని…"

"గని?"

"నాది ఎడమచేతివాటమనే చెప్పు" అని, గులాం అలీ కుడిచెయ్యి చాపి దీపం అందుకున్నాడు.